చెనిక్కాయల మిల్లులో ఉయ్యాలలు

మా మనవరాలు శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కాన్పు సెలవు అయిపోయాక బిడ్డను కూడా వెంటబెట్టుకుని పనికి పోతోంది. మొన్న మధ్యాహ్నం వీడియో కాల్ చేసి, "అవ్వా, సూడు, నీ మునిమనవడు యాడ పడుకోనుండాడో" అని చూపించింది. గోడలకు ఏనుగు బొమ్మలు, చల్లటి గది, వరసగా చిన్న చిన్న మంచాలు. ఒక మంచంలో మావాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పక్కన నీలం చీర కట్టుకున్న ఆయా ఒకామె కూర్చుని ఉంది. బాగుందమ్మా అన్నాను. ఇంకేదో అనబోయి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. "ఏమవ్వా, ఏడస్తా ఉండావా?" అంది అది. కంట్లో నలక పడిందని చెప్పి ఫోను పెట్టేశాను. ఇంత వయసు వచ్చినా అబద్ధం అతికినట్టు చెప్పడం నాకు చేతకాలేదు.

దానికి చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. అది పనిలో ఉన్న మనిషి, అంత తీరిక ఎక్కడిది? అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మాది చిత్తూరు. ఊరి చివర, రైలు కట్టకు ఇవతల, చెనిక్కాయల మిల్లు, అంటే వేరుశెనగ మిల్లు ఒకటి ఉండేది. అప్పుడు యుద్ధం జరుగుతోంది. ఎక్కడ జరుగుతోందో మా పేటలో ఎవరికీ తెలియదు గానీ, దానివల్ల బియ్యం, కిరసనాయిలు, కట్టుకునే గుడ్డ దొరకవని మాత్రం అందరికీ తెలుసు. కాయ ఇళ్ళకు చేరిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మిల్లుకు సీజను. మిషను కాయను పగలగొడుతుంది. ఆ తర్వాత పప్పును చేటలతో చెరిగి, పుచ్చులూ రాళ్ళూ ఏరే పనంతా ఆడవాళ్ళది. ఆ నెలల్లో మా పేట మీద ఎర్రటి పొట్టు దుమ్ము వాలి ఉండేది. ఆరేసిన బట్టల మీద, సంగటి మీద, నీళ్ళ కుండ మూత మీద కూడా అదే. అమ్మ పనినుంచి వచ్చి కొప్పు విప్పి విదిలిస్తే ఎర్రగా రాలేది. ఆమె పక్కన పడుకుంటే చెనిగ్గింజల వాసన, చెమట వాసన, చనుబాల వాసన కలిసి వచ్చేవి. నా ముక్కు ఇప్పుడు దేనికీ పనికిరాదు, పప్పు మాడినా తెలియదు. ఆ వాసన మాత్రం ఇంకా తెలుస్తూనే ఉంది.

నాయన ఎద్దులబండి తోలేవాడు. పల్లెల నుంచి కాయ మూటలు మిల్లుకు చేర్చేది ఆయన పని. బండి మా పేట మలుపు తిరిగేటప్పుడు పిల్లలం వెనక వేలాడి, గోతాం మూలలో పుల్లతో పొడిచి కాయలు రాల్చుకునేవాళ్ళం. నాయన వెనక్కి తిరగకుండానే "ఎవుర్రా అది, ఎలుకలా?" అని అరిచేవాడు. "ఎలకలే నాయనా!" అని నేను బదులు చెప్పేదాన్ని. మిల్లు బయట పొట్టు కుప్పలో నిప్పు ఎప్పుడూ రగులుతూ ఉండేది. అందులో కాయలు కాల్చుకుని, బెల్లం మండీ దగ్గర ఏరుకొచ్చిన బెల్లం పలుకులతో కలిపి తింటే, ఆహా, దేవుడి ప్రసాదం కూడా దాని ముందు దిగదుడుపే.

మాకు దక్కిన ఆ భాగ్యం మా అమ్మలకు లేదు. పప్పు మధ్యలో పొద్దంతా కూర్చునే ఆడవాళ్ళు ఒక్క గింజ నోట్లో వేసుకోకూడదు. సాయంత్రం గేటు దగ్గర మేస్త్రీ నిలబడి ఒక్కొక్కరి దోసిట్లో నీళ్ళు పోసేవాడు. ఆ నీళ్ళు పుక్కిలించి అతని ముందే ఉమ్మాలి. ఉమ్మిన నీళ్ళు తెల్లగా కనిపిస్తే పప్పు తిన్నట్టు. ఆ పూట కూలి లేదు. పెళ్ళయి బిడ్డల్ని కన్న ఆడవాళ్ళు మగవాడి ముందు వరసగా నిలబడి నీళ్ళు ఉమ్ముతుంటే, మేము గేటు బయట నిలబడి చూసేవాళ్ళం. అమ్మ నా వైపు చూడకుండా ఉమ్మేది.

నేను గేటు దగ్గర ఎందుకు నిలబడేదాన్నంటే, నా చంకలో తమ్ముడు ఉండేవాడు. వాడికి పాలిప్పించడం నా ఉద్యోగం. రెండో తరగతిలో ఉండగా బడి మాన్పించి నాకు ఆ ఉద్యోగం ఇచ్చారు. మిల్లులోపలికి బిడ్డల్ని తేకూడదు, బొంతల్లో పప్పు దాస్తారని మేస్త్రీ అనుమానం. మధ్యాహ్నం గంట కొట్టగానే వాణ్ణి గేటు దగ్గరికి మోసుకుపోవాలి. అమ్మ గేటు లోపల చతికిలబడి, కమ్మీల సందులోంచి వాణ్ణి అందుకుని పాలిచ్చేది. ఇంకో గంట కొట్టగానే, వాడు వదిలినా వదలకపోయినా మళ్ళీ నా చేతికి ఇచ్చేసేది. గుక్కపట్టి ఏడ్చేవాణ్ణి ఎత్తుకుని ఇంటికి నడవడమంటే ఏమిటో మోసినవాళ్ళకే తెలుస్తుంది.

నాకు వాడిమీద కోపంగా కూడా ఉండేది. ఎందుకంటే పేటలో మిగిలిన పసిబిడ్డలందరూ పొద్దున పడుకుంటే సాయంత్రందాకా లేచేవాళ్ళు కాదు. వాళ్ళ అక్కలు హాయిగా తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళు. ఆ బిడ్డలకు పనికి పోయే ముందు తల్లులు నాలుక మీద ఆవగింజంత నల్లమందు పెట్టేవాళ్ళు. అది రహస్యం కాదు, తప్పూ కాదు. ఉప్పూ చింతపండుతో పాటు ఇంట్లో ఉండే వస్తువు. "మనోడికి గూడా పెట్టు మే, ఈడు నా పానం తీస్తా ఉండాడు" అని ఒకసారి అమ్మతో అన్నాను. అమ్మ నన్ను ఎప్పుడూ కొట్టేది కాదు. ఆ రోజు చెంప మీద కొట్టింది. తర్వాత చాలాసేపు నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంది. ఎందుకు కొట్టిందో, ఎందుకు కూర్చుందో నాకు తెలియలేదు.

నాకూ తమ్ముడికీ మధ్య ఒక చెల్లెలు ఉండేది. బోర్లా పడటం నేర్చుకుని, మోకాళ్ళ మీద పాకడం ఇంకా మొదలుపెట్టక ముందే పోయింది. గాలి సోకిందన్నారు. నాకు గుర్తున్నది దాని నడుముకు కట్టిన నల్లతాడు, దానికి వేలాడే చిన్న రాగిబిళ్ళ. అంతే.

ఆ సీజనులోనే సంఘం అన్న వచ్చాడు. రాయవేలూరు తోళ్ళ కార్ఖానాల్లో కూలీల సంఘం పెట్టి, అక్కణ్ణుంచి మా ఊరికి వచ్చిన మనిషి. సన్నగా, ఎండిన మునక్కాయలా ఉండేవాడు. పాత సైకిలు, భుజాన గుడ్డసంచి. అరవం కలిసిన అతని తెలుగు విని మేము నవ్వేవాళ్ళం. "నవ్వండి, నవ్వండి. నవ్వేదానికి కూలి కోత ల్యాదు గదా" అని అతనూ నవ్వేవాడు. చర్చి పక్కన ఖాళీ జాగాలో, పని విడిచాక, ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడేవాడు. మొదట్లో నలుగురే వచ్చేవాళ్ళు. పోనుపోను జాగా నిండిపోయింది. తమ్ముడు అమ్మ ఒళ్ళో, నేను ఆమె పక్కన. నాయన బండి కాస్త దూరంగా ఆపి, ఎద్దులకు మేత వేస్తూ వినేవాడు.

ఏమేం అడగాలో ఆడవాళ్ళనే చెప్పమన్నాడు సంఘం అన్న. కూలి పెంచాలని ఒకరు, పుక్కిలించే పని ఎత్తెయ్యాలని ఒకరు, తాగే నీళ్ళకు తొట్టి పెట్టాలని ఒకరు అన్నారు. కాన్పుకు సెలవిచ్చి, ఆ సెలవుకు కూలి కూడా ఇవ్వాలని చర్చి పెద్దమ్మ అంది. మా పక్కింట్లో ఉండే ఆమెను అందరూ అలాగే పిలిచేవాళ్ళు, ఆదివారం చర్చి ఊడ్చేది ఆమే. కాన్పుకు కూలేమిటని ఆడవాళ్ళే పగలబడి నవ్వారు. అప్పుడు అమ్మ, "మిల్లు లోపల బిడ్డలకు ఒక షెడ్డు కావల. ఉయ్యాలలు కట్టి, సూసుకునే దానికి ఒక మనిసిని పెట్టల్ల" అంది.

ఎవరికీ పట్టలేదు. కాస్త వయసు మళ్ళిన ఒకామె, "ఉయ్యాలలు ఏం చేసుకుంటాం మే? ఇంత మందు పెడితే వాళ్ళే పడుకుంటారు. కూలి సంగతి అడగండి ముందు" అంది. అందరూ అవునవునన్నారు.

అమ్మ తమ్ముణ్ణి నా ఒళ్ళో పెట్టి లేచి నిలబడింది. అంతమందిలో ఆమె లేచి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

"నేను పెట్టినా మే, ఆ మందు" అంది. "నా రెండో బిడ్డకు దినామూ పొద్దన్నే పెట్టి పనికొస్తా ఉంటి. ఆ పొద్దు బిడ్డకు జొరంగా ఉండాది. ఒకటే ఏడుపు. పనికి రాకుంటే మేస్త్రీ తీసేస్తాడని ఇంకొంచిం పెడితి. సందకాడ వచ్చి సూస్తే బిడ్డ సల్లగా ఉండాది. గాలి సోకిందని మీకందురికీ చెప్తిని. గాలీ ల్యా, దయ్యమూ ల్యా. ఈ చేత్తో నేనే పెడితి."

కుడి చెయ్యి ముందుకు చాపి అందరికీ చూపించింది. చేటలో పప్పు చూపించినట్టు చూపించింది.

"మీకు కూలి కావల్లంటే అడగండి, నేనూ వస్తా. నాకు మాత్రం ఉయ్యాలలు కావల. ఏడిస్తే ఏడవనీ, బిడ్డ ఏడుపు నా చెవికి ఇనబడితే సాలు" అని కూర్చుంది.

కొంతమంది తమ ఒళ్ళో నిద్రపోతున్న బిడ్డల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నారు. నేను నాయన వైపు చూశాను. ఆయన చేతిలోని గడ్డి అలాగే ఉంది. అప్పటిదాకా ఆయనకూ తెలియదు. ఎద్దు మెడ చాపి ఆ గడ్డి లాక్కుంది. ఆయన ఇంటికి రాలేదు ఆ రాత్రి.

చర్చి పెద్దమ్మ మాతో పాటు ఇంటిదాకా నడిచి వచ్చింది. గడప దగ్గర అమ్మ భుజం మీద చెయ్యి వేసి, "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాదంటారే తల్లీ. ఎందుకు చెప్పినావు అందుర్లో?" అంది. "పడనీలే పెద్దమ్మా" అంది అమ్మ. అప్పుడు ఆ మాట అర్థమయ్యే వయసు కాదు నాది. ఇప్పుడు ఆ సామెత ఎవరైనా అంటే లేచి అవతలికి పోతాను.

మర్నాడు ఆడవాళ్ళందరి మాటా ఒక్కటైంది, ఉయ్యాలలు కూడా అడగాల్సిందేనని. సంఘం అన్న కాగితం రాసి వేలిముద్రలు వెయ్యమన్నాడు. పనిలో అందరికంటే ముసలిదైన ఒకామె ఒప్పుకోలేదు. "కాయితం మేస్త్రీ చించేస్తాడు నాయనా. కాణిపాకంలో ఒట్టు పెట్టుకుందాం. దాన్ని ఎవుడు చించుతాడో సూస్తా" అంది. మా వైపు అంతే. పొలం గట్టు తగాదా అయినా, దొంగతనమైనా, కాణిపాకం వినాయకుడి ఎదుట తడిబట్టలతో చెప్పిన మాటకు ఇక తిరుగులేదు. సంఘం అన్నకు దేవుడి మీద నమ్మకం లేదు. తల గోక్కుని, "సరే, మీ దేవుడు గూడా సంఘంలో చేరనీ" అన్నాడు.

పొద్దున్నే బయలుదేరదామని అందరూ పేట మొగదల చేరేసరికి నాయన బండి కట్టుకుని వచ్చాడు. అమ్మతో మాట్లాడి రెండు రోజులైంది. ఆమె వైపు చూడకుండా, "బిడ్డనెత్తుకోని యాడికి నడస్తావు, ఎక్కు" అన్నాడు. అమ్మ ఎక్కి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని దారి పొడుగునా ఏడ్చింది. నాయన ఎద్దుల్ని అదిలిస్తూనే ఉన్నాడు.

కాణిపాకంలో ఏట్లో మునిగి తడిబట్టలతో గుడి ముందుకు వచ్చారు. అక్కడ ఒక చిక్కు వచ్చింది. మాలో సగం మందిని గుడి లోపలికి రానియ్యని కాలం అది. ఆ రోజుల్లో ఏ గుడి అయినా అంతే. లోపలికి పోగలిగినవాళ్ళు అటూ ఇటూ చూశారు. ముసలామె, "అందురం ఈన్నే నిలబడదాం. ఆయనకి ఈడికి ఇనబడదా ఏం?" అంది. వాకిలి బయట ఒక రాతి మీద కర్పూరం వెలిగించారు. ఒక్కొక్కరు వచ్చి, ఉయ్యాలలు కట్టేదాకా మిల్లు గేటు దాటబోమని చెప్పి, అరచేత్తో మంట ఆర్పారు. ఆర్పిన ప్రతిసారీ సంఘం అన్నే మళ్ళీ వెలిగించాడు. చర్చి పెద్దమ్మ మాత్రం, "మా చర్చి అయ్యగారు ఒట్టు పెట్టొద్దంటాడు. నేను మాట ఇస్తా. నా మాట సాలదా?" అంది. చాలు అన్నారు అందరూ. చివర అమ్మ వంతు వచ్చింది. మంట మీద పెట్టిన చెయ్యి ఆమె తొందరగా తియ్యలేదు. పక్కవాళ్ళు లాగవలసి వచ్చింది.

మిల్లు ఆగిపోయింది. మిషను చప్పుడు లేని మా పేట నాకు కొత్తగా అనిపించింది. నిజం చెబుతాను, ఆ రోజులు నాకు పండగ. అమ్మ పొద్దంతా ఇంట్లోనే ఉండేది. నా తలకు నూనె లేకపోయినా నీళ్ళద్ది దువ్వి జడ వేసేది. తమ్ముడు అడిగినప్పుడల్లా పాలు తాగి బుగ్గలు పెంచాడు. చర్చి జాగాలో పెద్ద కుండ పెట్టి అందరికీ గంజి కాచేవాళ్ళు. బెల్లం మండీ హమాలీలు సాయంత్రం పని దిగి వచ్చి తలా ఒక బెల్లం ముక్క మా కుండలో వేసి పోయేవాళ్ళు. ఆకలి మొదలైంది ఆ తర్వాత. రాగులు అయిపోయాయి. చింతచిగురు, మునగాకు ఉడకబెట్టి తిన్నాం. చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి నమిలాం. దవడలు పట్టేసి మాట్లాడలేక పిల్లలం సైగలు చేసుకుని నవ్వుకునేవాళ్ళం. అమ్మకు పాలు తగ్గాయి.

మిల్లు షావుకారు గోడౌన్లలో కాయ పేరుకుపోయింది. చివరికి సంఘం అన్నను పిలిపించాడు. మొన్నటిదాకా జుట్టు పట్టుకోవాలని చూసినవాడు ఇప్పుడు కాళ్ళబేరానికి వచ్చాడన్నమాట. కూలి పెంచుతామన్నాడు. పుక్కిలించడం ఎత్తేశాడు. నీళ్ళతొట్టికి, కాన్పు సెలవుకు కూడా ఒప్పుకున్నాడు. ఉయ్యాలల షెడ్డు మాత్రం వచ్చే సీజనుకు చూద్దామన్నాడు.

సంఘం అన్న ఆ కబురు చెప్పగానే పేటలో పలక డప్పులు మోగాయి. ఆడవాళ్ళు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. అమ్మ అతని దగ్గరికి పోయి, "ఉయ్యాలలు?" అంది.

"వచ్చే సీజను అమ్మా. తప్పకుండా. ఇప్పుడు ఇంతకన్నా లాగితే తెగిపోతాది" అన్నాడు. అబద్ధమేం చెప్పలేదు. ఆకలితో ఉన్నవాళ్ళను ఇంకెన్నాళ్ళు నిలబెడతాడు? అతణ్ణి నేను తప్పు పట్టను.

మరి ఒట్టు సంగతి? అందరూ కలిసి మళ్ళీ కాణిపాకం పోయారు. టెంకాయలు కొట్టి, లెంపలేసుకుని, దేవుడు పెద్ద మనసు చేసుకుంటాడని చెప్పుకుని తిరిగి వచ్చారు. అమ్మ పోలేదు. ఆడవాళ్ళు ఇంటికి వచ్చి పనికి రమ్మని బతిమాలారు. "నేను దేవుడితో ఒట్టు పెట్టుకోలే మే. ఆయన్ని సాచ్చిగా పిల్సినా, అంతే. ఒట్టు పెట్టుకునింది నా బిడ్డతో. దానికి టెంకాయ యాడ కొట్టేది?" అంది అమ్మ. వచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. చర్చి పెద్దమ్మ ఒక్కతే మిగిలింది. "మీకైనా టెంకాయ కొట్టే దారి ఉండాది. నాకు అది గూడా ల్యా. మాట ఇచ్చినా, మాట తప్పి పోతా ఉండా. ఇంట్లో తినే నోళ్ళు అన్ని ఉండాయి మే" అని అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. అమ్మే ఆమెను ఓదార్చింది.

ఆ ఏడాదంతా అమ్మ కొండకు పోయి కట్టెలు కొట్టి, మోపు నెత్తిన పెట్టుకుని వచ్చి వీధుల్లో అమ్మింది. తమ్ముణ్ణి చీరతో వీపుకు కట్టుకునేది. మిల్లు గేటు ముందునుంచే ఆమె దారి. లోపల చెరుగుతున్న ఆడవాళ్ళు ఆమెను చూసి తల దించుకునేవాళ్ళు. ఆమె నల్లబడింది, చిక్కిపోయింది, పాలు ఎండిపోయాయి. నాయనకు ఒకసారి కోపం వచ్చింది. "అందురూ పోతా ఉంటే నీకొక్కదానికే ఏం పట్టింది?" అని చెంబు విసిరికొట్టాడు. తర్వాత తనే ఆ చెంబు తీసి, సొట్ట సరిచేసి, నీళ్ళు ముంచి అమ్మకు ఇచ్చాడు. చెల్లెలి మాట ఇద్దరూ ఎత్తలేదు. నాయన పోయేదాకా ఎత్తలేదు.

సంఘం అన్న మాత్రం ఊరుకోలేదు. తిరగని ఆఫీసు లేదు. పైనుంచి ఎవరో అధికారి వచ్చి మిల్లు చూసిపోయేలా చేశాడు. మళ్ళీ సీజను మొదలయ్యేసరికి గేటు లోపల రేకుల షెడ్డు లేచింది. ఒక సాయంత్రం అతను సైకిలు గోడకు ఆనించి, ఆయాసపడుతూ మా ఇంట్లోకి వచ్చాడు. "అమ్మా, ఉయ్యాలలు కట్టేసినారు. బిడ్డల్ని సూసుకునే ఆయా మీరేనని సంఘంలో తీర్మానం చేసినాం. రేపు పొద్దున్నే రావల" అన్నాడు. అమ్మ నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. పై పన్ను ఒకటి కాస్త వంకర ఆమెకు. ఎప్పుడూ పెదవితో కప్పుకునేది. ఆ రోజు కప్పుకోలేదు.

తెల్లారకముందే లేచి తలస్నానం చేసింది. పెట్టెలో ఉన్న ఒక్క మంచి చీర కట్టింది. కట్టెలు మోసి మోసి కాయలు కాసిన చేతుల్ని బూడిద పెట్టి తోమింది, కడిగింది, మళ్ళీ తోమింది. "గరుగ్గా ఉంటే బిడ్డలకు గీసుకుంటాదే" అంది నాతో. తమ్ముడు అప్పటికి నడుస్తున్నాడు. వాడు ఒక వేలు, నేను ఒక వేలు పట్టుకుని ఆమెతో పోయాం. గేటు దగ్గర ఆమె ఆగి, లోపల కాలు పెట్టే ముందు కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది.

షెడ్డులో దూలాలకు తాళ్ళు కట్టి, తాళ్ళకు కొత్త గుడ్డ ఉయ్యాలలు వేలాడదీశారు. గుడ్డ గంజి వాసన వేస్తోంది. తల్లులందరూ బిడ్డల్ని ఎత్తుకుని వరసగా నిలబడ్డారు. అమ్మ మొదటి ఉయ్యాల దగ్గరికి పోయి, ముందున్న ఆమె వైపు రెండు చేతులూ చాపింది.

ఆ తల్లి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె పక్కనున్న ఆమె కూడా బిడ్డను ఇంకాస్త పైకి, భుజం మీదికి ఎత్తుకుంది. అమ్మ చేతులు అలాగే ఉన్నాయి.

"ఏమ్మా, ఇయ్యండి" అన్నాడు సంఘం అన్న.

"నాకు బయంగా ఉండాది" అంది ఆ తల్లి. వెనకనుంచి ఎవరో, "ఉయ్యాలలు బాగుండాయి గానీ, ఆ చేతికా బిడ్డనిచ్చేది?" అన్నారు. ఇంకెవరో, "ఆమే చెప్పె గదా అందుర్లో" అన్నారు. చర్చి పెద్దమ్మ వరసను తోసుకుంటూ వచ్చి, "నా మనవణ్ణి నేనిస్తా, పట్టు తల్లీ" అని కోడలి చంకలోంచి బిడ్డను తీసుకోబోయింది. కోడలు విడవలేదు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. పెద్దమ్మే చేతులు వెనక్కి తీసుకుంది.

"మీరు పెట్టలేదా? మీరందరూ పెట్టలేదా ఆ మందు?" అని సంఘం అన్న అరిచాడు. అతను అరవడం మేము ఎప్పుడూ వినలేదు. ఆ పొద్దుదాకా అందరూ పెట్టినవాళ్ళే. పెట్టానని చెప్పింది మాత్రం అమ్మ ఒక్కతే. ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్ళ గురించి విన్నాను గానీ, అంతమందిని ఒకేచోట చూసింది ఆ రోజే.

మేస్త్రీకి ఇంతకంటే ఏం కావాలి? "మీలో మీకే పొసగదు, మాతో తగువులకొస్తారు" అని నవ్వి, ఇంకెవరినైనా చూసుకోమన్నాడు. ఇంత మందు పెడితే పడుకుంటారన్న ఆ వయసు మళ్ళినామెనే ఉయ్యాలల దగ్గర కూర్చోబెట్టారు. తల్లులు ఒక్కొక్కరే వచ్చి బిడ్డల్ని ఆమె చేతికిచ్చి పనిలోకి పోయారు. అమ్మ చాపిన చేతుల్ని ఎప్పుడు దించిందో నేను చూడలేదు. చూసేసరికి ఒక మూలనుంచి చేట తీసుకుని పప్పు కుప్ప దగ్గరికి నడుస్తోంది. మంచి చీర కట్టుకునే చెరగడానికి కూర్చుంది.

సాయంత్రం ఇంటికి వచ్చాక నేను ఏడ్చాను. వాళ్ళందరినీ నోటికి వచ్చినట్టు తిట్టాను. అమ్మ పొయ్యి ఊదుతూ విన్నది. తర్వాత, "వాళ్ళను తిట్టగాకే. నా బిడ్డనైతే నేను మాత్రం ఈ చేతికి ఇస్తానా?" అంది.

ఆమె క్షమించింది. నా వల్ల కాలేదు. ఆ ఆడవాళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరు, వాళ్ళ ఉయ్యాలల్లో పెరిగినవాళ్ళు కూడా చాలామంది లేరు. అయినా కాలేదు. మా పేట పిల్లలకు ఆ మరుసటి ఏటినుంచి నల్లమందు పెట్టే అలవాటు తప్పింది. వాళ్ళ ఏడుపులు మిల్లు మిషను చప్పుడును మించి వినిపించేవి. అమ్మ ఆ మిల్లు మూతపడేదాకా అక్కడే చెరిగింది. షెడ్డు వైపు మాత్రం ఒక్కసారి కూడా పోలేదట.

నా మొదటి కాన్పు అమ్మ దగ్గరే జరిగింది. పురిటి స్నానం అయ్యాక బిడ్డను ఆమెకు అందించబోయాను. ఆమె రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, "నువ్వే పండబెట్టు మే ఉయ్యాల్లో" అంది. ఎంత బతిమాలినా తీసుకోలేదు. నాకు నలుగురు పిల్లలు. ఆ నలుగురినీ అమ్మ గంటలకొద్దీ ఉయ్యాల ఊపి నిద్రపుచ్చింది. ఒక్కరిని కూడా ఎత్తుకోకుండానే పోయింది.